బొందితో ఆకాశానికి

(మన వాడ, మన చదువు: 23వ భాగం)

బొందితో స్వర్గానికి పోవాలనుకున్న రాజు కథ మనందరికీ తెలుసు. త్రిశంకుడు. వశిష్ఠుడు కుదరదన్నాడు. వశిష్ఠుడి కొడుకులు చండాలుడివి కమ్మని శపించారు. విశ్వామిత్రుడు పంతం పట్టి ఆ చండాల రూపంలోనే అతన్ని పైకి పంపాడు. స్వర్గం గడప దగ్గర ఇంద్రుడు అడ్డం నిలబడి తలకిందులుగా కిందికి తోసేశాడు. విశ్వామిత్రుడు మధ్యలోనే ఆపి, దక్షిణ దిక్కున అతని కోసం కొత్త నక్షత్రాలనే చేశాడని బాలకాండ చెప్తుంది.

బడిలో ఈ కథను అత్యాశకు ఉదాహరణగా చెప్పారు. అటూ ఇటూ కాని బతుకుని త్రిశంకు స్వర్గం అంటాం. ఫెలోషిప్ రాక, గైడ్ దొరక్క, ఊరికి తిరిగి పోలేక హాస్టల్ గదిలో వేలాడే మన రీసెర్చ్ స్కాలర్లు కూడా ఆ మాటే వాడతారు. కానీ పైనుంచి తోసేసేటప్పటికి అతను చండాలుడన్న సంగతి ఏ మాస్టారూ నొక్కి చెప్పలేదు. ఉత్తరకాండలో శంబూకుడిది కూడా అదే కోరిక. ఈ శరీరంతోనే దేవలోకం చేరాలని తపస్సు చేశాడు. శూద్రుడివా అని అడిగి, అవునన్నాక తల నరికారు. ఆకాశానికీ గడప ఉంటుందని, ఆ గడపకీ కాపలా ఉంటుందని మనకు చాలా కాలం నుంచే తెలుసు.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, పోయిన భాగంలో సంక్షేమ హాస్టళ్ల లైబ్రరీల గురించి రాశాక ఒక డిగ్రీ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నాకు స్పేస్ కథలు, సినిమాలు పిచ్చి. మా స్టడీ సర్కిల్‌లో ఒకరు అవి కడుపు నిండినోళ్ల కాలక్షేపం అంటారు. ఇంకొకరు చర్చికి పోయేవాడికి సైన్స్ ఎందుకంటారు. మా ఇంట్లో అందరం చర్చికి పోతాం. నేనేం చదవాలి?"

తమ్ముడూ, అన్నీ చదువు. అంతరిక్షం గురించి రాసిన మంచి రచయితలు చాలామంది తిరిగి తిరిగి దేవుడి దగ్గరికే వచ్చారు. ఓడ ఎంత దూరం పోతే ఆ ప్రశ్న అంత పెద్దదవుతుంది. అయితే వాళ్ల ప్రశ్న సాధారణంగా ఒకటే: దేవుడున్నాడా, లేడా? మనకు ఇంకో ప్రశ్న ఉంది. ఆ దేవుడి గుమ్మం దగ్గర ఎవరు నిలబడ్డారు? ఈ ప్రశ్న చేతిలో పెట్టుకుని చదివితే ఆ కథలే కొత్తగా కనిపిస్తాయి. నాలుగు కథలు తీసుకుని చెప్తాను.

నక్షత్రం కింద

ఆర్థర్ సి. క్లార్క్ 1955లో 'ది స్టార్' అనే చిన్న కథ రాశాడు. మర్నాటి ఏడాది దానికి హ్యూగో అవార్డు వచ్చింది. భూమికి మూడు వేల కాంతి సంవత్సరాల దూరంలో ఒక ఓడ. అందులోని ప్రధాన ఖగోళ శాస్త్రవేత్త ఒక జెసూట్ ఫాదర్. ఎప్పుడో పేలిపోయిన నక్షత్రం శిథిలాలను పరిశీలించడానికి వెళ్లారు. దాని గ్రహాల్లో అన్నిటికంటే దూరంగా ఉన్నది ఒక్కటే మిగిలింది. తమ సూర్యుడు పేలబోతున్నాడని ముందే తెలిసిన ఒక జాతి, తమ జ్ఞాపకాలన్నీ తెచ్చి ఆ గ్రహం మీద దాచిపెట్టి పోయింది. అందులో సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న పిల్లల దృశ్యం కూడా ఉంది. ఆ పేలుడు వెలుగు భూమికి ఎప్పుడు చేరి ఉంటుందో ఫాదర్ లెక్క కడతాడు. అది బెత్లెహేము మీద కనిపించిన తార. ఒక బిడ్డ పుట్టాడని చాటడానికి ఒక జాతి మొత్తాన్ని కాల్చాలా ప్రభువా అన్నదే అతని గుండెకోత.

డిసెంబరు వచ్చిందంటే మన పల్లెల్లో ఇంటి మీద వెదురుబద్దల నక్షత్రం కడతాం. రంగుకాగితం, లోపల బల్బు. ఆ నక్షత్రం కింద పెరిగిన పిల్లలకు ఈ కథ ఇంకోలా తగులుతుంది. చదివితే విశ్వాసం పోతుందని భయపడక్కర్లేదు. ఆ ఫాదర్ కూడా ప్రార్థన మానేసినవాడు కాదు. అడగకుండా ఉండలేకపోయినవాడు.

ఇక్కడ మన ప్రశ్న వేద్దాం. 1968 డిసెంబరు 24న అపోలో 8 చంద్రుడి చుట్టూ తిరుగుతోంది. ముగ్గురు వ్యోమగాములు అక్కడినుంచి ఆదికాండం మొదటి వచనాలు చదివారు. ప్రపంచం చెవులు రిక్కించి విన్నది. మర్నాడు రాత్రి, క్రిస్మస్ నాడు, తంజావూరు జిల్లా కీళ్వెణ్మణిలో కూలి పెంచమని అడిగిన దళిత వ్యవసాయ కూలీల మీద భూస్వాములు పడ్డారు. ప్రాణభయంతో ఒక గుడిసెలో దాక్కున్న 44 మందిని అందులోనే తగలబెట్టారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. తర్వాత హైకోర్టు భూస్వాములను నిర్దోషులంది.

క్లార్క్ రాసిన ఫాదర్‌కి సందేహం రావడానికి ఒక నక్షత్రం పేలాల్సి వచ్చింది. మనకు ఒక గుడిసె చాలింది. ఇంకో తేడా కూడా ఉంది, అదే అసలైనది. సూపర్‌నోవా మీద ఎఫ్ఐఆర్ రాయలేం. దానికి నిందితులు ఉండరు. కీళ్వెణ్మణికి ఉన్నారు, కారంచేడుకి ఉన్నారు, చుండూరుకి ఉన్నారు. మనుషుల బాధనంతా దేవుడికీ విశ్వానికీ మధ్య తగువుగా మార్చేస్తే మధ్యలో గొడ్డలి పట్టుకున్నవాడు తప్పుకుంటాడు. ఈ కథను ప్రేమగా చదవండి, ఈ ఒక్క జాగ్రత్తతో చదవండి.

యంత్రానికి పూజారులు

రెండోది ఐజాక్ అసిమోవ్ 'ఫౌండేషన్'. 1942లో పత్రికలో కథలుగా మొదలై 1951లో పుస్తకమైంది. గెలాక్సీ సామ్రాజ్యం కూలుతోంది. ఫౌండేషన్ ఉన్న చిన్న గ్రహం దగ్గర అణుశక్తి విద్య ఉంది, సైన్యం లేదు. చుట్టూ నాలుగు రాజ్యాలు. మేయర్ సాల్వర్ హార్డిన్ ఒక ఉపాయం పన్నుతాడు. ఆ రాజ్యాలకు యంత్రాలు ఇస్తాడు, విద్య ఇవ్వడు. యంత్రాలను నడపడానికి పూజారుల్ని తయారు చేస్తాడు. ఏ మీట నొక్కాలో వాళ్లకు తెలుసు, ఎందుకు నొక్కాలో తెలియదు. మంత్రంలాగా నేర్చుకున్నారు. ఒక రాజ్యం యుద్ధానికి దిగితే, ఆ ఓడలో ఉన్న పూజారి శాపం పెడతాడు. ఓడలో దీపాలారిపోతాయి. సైనికులు తమ అధిపతి మీదే తిరగబడతారు.

పాఠకులందరూ హార్డిన్ తెలివికి చప్పట్లు కొడతారు. నేను కొట్టలేను. జ్ఞానాన్ని దాచిపెట్టి, దానికి పవిత్రత పూసి, అడిగినవాడికి శాపం చూపించే ఏర్పాటు ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? అసిమోవ్‌కు మన దేశం మనసులో ఉందని నేననను. కానీ ఆ నాలుగు రాజ్యాల్లోని మామూలు జనం వైపు నుంచి ఆ పుస్తకాన్ని ఒక్కసారి చదివి చూడండి. వాళ్ల మాట పుస్తకంలో ఎంత వినిపిస్తుందో లెక్కపెట్టండి. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో బాబాసాహెబ్ మనుస్మృతిని తగలబెట్టించింది అలాంటి ఏర్పాటునే. సైన్స్ చేతికి వచ్చినంత మాత్రాన పూజారితనం పోదని, సైన్సే పూజారితనానికి కొత్త బట్టలు కుట్టగలదని అసిమోవ్ తెలియకుండానే మనకు చూపించాడు.

మన దేశంలో జరిగినవి రెండు చెప్తాను. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి మన గడ్డ మీది మొదటి రాకెట్ ఎగిరింది. అది జాలర్ల ఊరు. అక్కడ సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చి ఉండేది. బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా చర్చి స్థలాన్ని అప్పగించడానికి ఒప్పుకున్నాడు. ప్రార్థన చేసుకునే చోటు రాకెట్ వాళ్ల ఆఫీసయింది. ఇప్పుడది స్పేస్ మ్యూజియం. అరవై ఏళ్ల తర్వాత, 2023 జూలై 13న, ఇస్రో శాస్త్రవేత్తల బృందం చంద్రయాన్-3 నమూనాతో తిరుమల వెళ్లింది. మర్నాడు శ్రీహరికోట నుంచి ప్రయోగం జరిగింది. ఆగస్టులో చంద్రుడి మీద ల్యాండర్ దిగిన చోటికి శివశక్తి అని పేరు పెట్టారు.

ఒక శాస్త్రవేత్త మొక్కుకోవడం అతని ఇష్టం. ఆ హక్కు రాజ్యాంగం ఇచ్చింది, దానికి నేను అడ్డు చెప్పను. అదే రాజ్యాంగం 51ఏ (హెచ్)లో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల విధి అని కూడా చెప్పింది. నేను అడిగేది వేరు. శ్రీహరికోట దీవి యానాదులది. రాకెట్ కేంద్రం కోసం వాళ్లను అక్కడినుంచి లేపేశారు. చంద్రుడి మీద ఒక చోటికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు వాళ్ల దేవతల పేరేమిటని ఎవరికైనా గుర్తొచ్చిందా? అందరి డబ్బుతో ఎగిరిన రాకెట్ కొందరి పురాణంలోనే ఎందుకు దిగుతోంది?

రుజువు ఏది?

మూడోది కార్ల్ సేగన్ 'కాంటాక్ట్'. నవల 1985, సినిమా 1997. వేగా నక్షత్రం నుంచి, అంటే మన పంచాంగాల్లోని అభిజిత్ నుంచి, ఒక సందేశం వస్తుంది. దానిలో ఒక యంత్రం తయారు చేసే పద్ధతి ఉంటుంది. ఎవరు వెళ్లాలి? సినిమాలో ఇంటర్వ్యూ జరుగుతుంది. ఎల్లీ అనే శాస్త్రవేత్తను దేవుణ్ణి నమ్ముతావా అని అడుగుతారు. ఆమె దాటవేసే జవాబు చెప్పి, నమ్ముతానన్న అబద్ధం చెప్పలేక ఆ సీటు పోగొట్టుకుంటుంది. భక్తిగా మాట్లాడిన ఇంకో శాస్త్రవేత్తకు దక్కుతుంది.

మన ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న ఇంత సూటిగా ఉండదు. "పూర్తి పేరు?" అంటారు. "ఇంటిపేరు ఎప్పుడూ విన్లేదే, ఏ ఊరు?" అంటారు. "నాన్నగారేం చేస్తారు?" అంటారు. ఎల్లీ సీటు ఆమె నమ్మకం మీద ఆగింది. మన సీటు పుట్టుక మీద ఆగుతుంది, నమ్మకం దాకా కూడా రాదు.

ఆ సినిమాలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది చివరి భాగం. ఎల్లీ చివరికి వెళ్తుంది, ఆమె లెక్కలో 18 గంటలు గడుస్తాయి. భూమి మీద మాత్రం ఒక్క క్షణమే. వెళ్లినట్టు రుజువు లేదు. విచారణ కమిటీ ముందు, జీవితమంతా రుజువు రుజువు అన్న మనిషి నిలబడి, నాకు జరిగింది, నా దగ్గర చూపించడానికేమీ లేదు అంటుంది. ఆమె కెమెరాలో 18 గంటల రొద రికార్డయిందని ఇద్దరు పెద్దలకు తెలుసు. బయటపెట్టరు.

విమర్శకులు దీన్ని సైన్స్‌కీ విశ్వాసానికీ రాజీగా చదువుతారు. నాకు మాత్రం పోలీస్ స్టేషన్ బెంచీ గుర్తొస్తుంది. అట్రాసిటీ కేసు పెట్టడానికి పోయిన మనిషికి ఆ కమిటీ కొత్త కాదు. "కులం పేరుతో తిట్టాడని సాక్ష్యం ఏది? ఎవరు విన్నారు?" విన్నవాళ్లు ఉంటారు, నోరు విప్పరు. ఫైల్లో ఉన్న కాగితం బయటికి రాదు. రుజువు అడగడం సైన్స్ ధర్మం, అందులో తప్పు లేదు. రుజువు ఎవరి బీరువాలో ఉందో అడగడం కూడా సైన్స్ ధర్మమే అని మనం కలపాలి.

ఇంకో మాట. ఎల్లీ ఆకాశం నుంచి సందేశం కోసం చెవి ఒగ్గి కూర్చుంది. మన జాషువా 1941లోనే ఆకాశ మార్గాన సందేశం పంపాడు. 'గబ్బిలం'లో గుడిలోకి రానివ్వని మనిషి, గుడి కప్పుకి వేలాడే గబ్బిలాన్ని ఎవరూ ఆపరని గమనించి, తన గోడు కాశీలో శివుడికి చెప్పమని పంపిస్తాడు. అతను నాస్తికుడా? కాదు. ఉన్నాడనే నమ్మాడు. వింటాడా అన్నదే అనుమానం. నమ్మకమూ సందేహమూ ఒకే గుండెలో ఉంటాయని, అది పిరికితనం కాదని ఆ కావ్యం చదివితే తెలుస్తుంది. మన అమ్మలు పోలేరమ్మకు బోనం ఎత్తి, ఆదివారం చర్చిలో మోకరించి, సాయంత్రం "ఏ దేవుడూ మనకు లేడ్రా" అనడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

కాలిపోయిన ఊరి నుంచి

నాలుగోది మీరందరూ తప్పక చదవాల్సింది. ఆక్టేవియా బట్లర్. నల్లజాతి స్త్రీ, తల్లి ఇళ్లల్లో పనిమనిషి, బాప్టిస్టు ఇంట్లో పెంపకం. 1993లో 'పేరబుల్ ఆఫ్ ది సోవర్' రాసింది. కథాకాలం 2024లో మొదలవుతుంది. కాలిఫోర్నియాలో నీళ్లు కరువు, ఎక్కడ చూసినా మంటలు, ప్రహరీ గోడల వెనక బతుకులు. లారెన్ అనే పాస్టర్ కూతురు తండ్రి దేవుణ్ణి లోలోపల వదిలేస్తుంది. ఊరు తగలబడ్డాక రోడ్డున పడి ఉత్తరానికి నడుస్తూ, దారిలో కలిసిన అన్ని రంగుల నిరుపేదలతో కొత్త మతాన్ని కడుతుంది. దాని పేరు ఎర్త్‌సీడ్. అందులో దేవుడు తండ్రి కాదు, రాజు కాదు, ఆగకుండా జరిగే మార్పే దేవుడు. మనుషులు ఏదో ఒక రోజు వేరే నక్షత్రాల కింద నాటుకోవాలన్నది ఆ మతం లక్ష్యం.

ఇది చదువుతుంటే నాగపూర్ గుర్తురాకుండా ఉంటుందా? బాబాసాహెబ్ 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించాడు. 1956 అక్టోబరు 14న లక్షల మందితో కలిసి బౌద్ధం తీసుకున్నాడు. మధ్యలో 21 ఏళ్లు. ఆ మధ్యలోనే, 1950లో, బుద్ధుడి మతం భవిష్యత్తు గురించి రాసిన వ్యాసంలో ఏ మతానికైనా కొన్ని పరీక్షలు పెట్టాడు. సమాజాన్ని నిలబెట్టే నీతి ఉండాలి. సైన్స్‌కు, అంటే బుద్ధికి నిలబడాలి. స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వాన్ని ఒప్పుకోవాలి. పేదరికాన్ని పవిత్రం చేయకూడదు. "మేం నాస్తికులమా, బౌద్ధులమా" అని కొట్టుకునే మన స్టడీ సర్కిళ్లు ఈ నాలుగు పరీక్షలనూ గోడ మీద రాసుకోవాలి. దేవుడున్నాడా లేడా అన్నది ఆ జాబితాలో లేదని గమనించండి.

ఈ పరీక్షలతో మన కథల్ని కొలవండి. హార్డిన్ మతం రెండోదాంట్లోనే పోతుంది, బుద్ధిని మూసేయడం మీదే అది బతికింది. లారెన్ మతం చాలావరకు నిలబడుతుంది. కానీ బట్లర్ గొప్పతనం అక్కడ ఆగిపోకపోవడం. 1998లో వచ్చిన రెండో భాగంలో, మతోన్మాదులు లారెన్ కట్టుకున్న ఊరిని ఆక్రమించి, మనుషుల మెడలకు పట్టీలు వేసి బానిసల్ని చేస్తారు, పిల్లల్ని ఎత్తుకుపోతారు. లారెన్ కూతురు ఎక్కడో పెరిగి, చివరికి తల్లిని కలిసి కూడా క్షమించదు. నాకంటే నీ మతమే నీకు బిడ్డ అన్నట్టు ఉంటుంది ఆమె కోపం. ఆ పుస్తకాన్ని మనకు చెప్పేది ఆ కూతురే. ఉద్యమాల్లో ఉన్నవాళ్లు ఇక్కడ ఆగి, తమ ఇంట్లో పిల్లలు తమ గురించి ఏం రాస్తారో ఆలోచించుకోవాలి. చివరికి తారలకు వెళ్లే మొదటి ఓడకు క్రిస్టఫర్ కొలంబస్ అని పేరు పెడతారు. లారెన్ అభ్యంతరం చెప్తుంది, పేరు మారదు. ఓడ మనదైనా పేరు వాళ్లదే అవుతుందని బట్లర్‌కు తెలుసు.

కడుపు నిండినోళ్ల కాలక్షేపమా?

1969 జూలైలో అపోలో 11 ఎగరబోయే ముందు, మార్టిన్ లూథర్ కింగ్ సహచరుడు పాస్టర్ రాల్ఫ్ అబెర్నతీ పేద కుటుంబాలనూ కంచరగాడిదల బండినీ వెంటబెట్టుకుని ప్రయోగ కేంద్రానికి వెళ్లాడు. ఆకలి ఇంట్లో ఉండగా ఈ ఖర్చేమిటని నాసా అధిపతిని నిలదీశాడు. వ్యోమగాముల సాహసాన్ని మాత్రం తక్కువ చేయలేదు, వాళ్లు క్షేమంగా రావాలని కోరుకున్నాడు. రెండూ ఒకే నోటితో అనొచ్చు. మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగుతున్న దేశంలో చంద్రుడి మీదకి యంత్రం దిగిందని అడగడం మన హక్కు. ఆకాశం వైపు చూడటం కూడా మన హక్కే. మొదటిది చెప్పి రెండోది వదిలేసుకుంటే ఇంద్రుడి పని మనమే చేసిపెట్టినట్టు.

చివరగా రోహిత్. హాస్టల్ నుంచి గెంటేస్తే, చలికాలం రాత్రుల్లో క్యాంపస్ ఆరుబయట వెలివాడ కట్టుకుని పడుకున్న ఐదుగురిలో ఒకడు. 2016 జనవరి 17న మనకు దూరమయ్యాడు. అతని ఉత్తరాన్ని ఏటా పంచుకుంటాం. అందులో ఏముందో మళ్లీ చూడండి. సేగన్ లాగా సైన్స్ రచయిత కావాలనుకున్నానని రాశాడు. చనిపోయాక జరిగేవాటి కథల్ని, దయ్యాల్ని, ఆత్మల్ని నమ్మనని రాశాడు. ఏదైనా నమ్ముతానంటే, నక్షత్రాల దాకా ప్రయాణించగలనని, వేరే లోకాలను తెలుసుకోగలనని మాత్రం నమ్ముతానన్నాడు. అదే ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేలు, ఇంటికి ఇప్పించమని రాశాడు.

మనవాళ్లు నక్షత్రాల మాట పోస్టర్ మీద వేస్తారు, ఫెలోషిప్ మాట వదిలేస్తారు. ఆ రెండు మాటల్నీ విడదీయకండి. ఆ చావుని అందంగా చెప్పకండి. అతనికి నక్షత్రం కావాలని లేదు, నక్షత్రాల గురించి రాయాలని ఉంది. బతికుండి, జీతం తీసుకుంటూ, పుస్తకాలు రాస్తూ. మీలో ఎవరికైనా గది గోడలు మీదికొస్తున్నట్టు అనిపిస్తే పక్క గది తలుపు కొట్టండి, నాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే.

అందుకే తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. చర్చికి పోతే పో, మానేస్తే మానేయ్, ఆ లెక్క నీది. స్పేస్ కథలు మాత్రం వదలకు. క్లార్క్ కథ పది పేజీలు కూడా లేదు. వచ్చే ఆదివారం స్టడీ సర్కిల్‌లో ఒకరు చదివి మిగతావాళ్లకు తెలుగులో చెప్పండి. తర్వాత ఒక్కొక్కరూ ఒక పేజీ రాయండి. వేరే గ్రహానికి పోయే ఓడలో మన వాడ మనుషులు ఎక్కారు. ఏ దేవుణ్ణి తీసుకెళ్తారు, ఎవర్ని ఇక్కడే వదిలేస్తారు? ఓడలో వంట ఎవరు చేస్తారు, మరుగుదొడ్డి ఎవరు కడుగుతారు? ఆ ఓడ పేరేమిటి?

విశ్వామిత్రుడు చేసిచ్చిన నక్షత్రాల్లో తలకిందులుగా వేలాడింది చాలు. మన నక్షత్రాల్ని మనమే రాసుకుందాం.

రాసినవి నాకు పంపండి. బాగున్నవి వచ్చే భాగంలో మీ పేరుతో వేస్తాను.

జై భీమ్.